కరుణ ఆంటీ పాట మీద క్లెయిమ్

2019లో సిడ్నీలో మాస్టర్స్ చదువుతూ, టూంగాబీలో ఒక తెలుగు చర్చి ఆదివారం ఆరాధనను లైవ్‌స్ట్రీమ్ చేసే పార్ట్‌టైమ్ పనిలో ఉండేదాన్ని. మొదట్లో చూసేది మా సంఘంవాళ్లే. ఏడాది తిరిగేసరికి నరసాపురం నుంచీ కువైట్ నుంచీ చూడసాగారు. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది మా సంఘంలోని కరుణ ఆంటీ పాట. ఆవిడ వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నర్సు. డ్యూటీకి వెళ్లే రైల్లో కూర్చుని ఆ పాటను తానే రాసి, బాణీ కట్టుకున్నారు.

ఒక సోమవారం ఆ పాట వీడియోలో శబ్దం మాయమైంది. కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. అంటే, పాట తమదని ఇంకెవరో చెప్పుకోవడం. ఎవరో గాయకుడు మా వీడియో చూసి నేర్చుకుని, ఒక మ్యూజిక్ కంపెనీకి పాడి ఇచ్చాడు. వీడియోలు పెట్టే సైట్‌లోని కంప్యూటర్ ప్రోగ్రామ్ రెండూ పోల్చి, మనుషులెవర్నీ అడక్కుండానే మా పాటను ఆపేసింది.

నేను అభ్యంతరం పంపాను. కంపెనీ తోసిపుచ్చింది. ఇక అప్పీలే మిగిలింది. అదీ ఓడిపోతే మా చర్చి ఛానెల్‌కి స్ట్రైక్, అంటే తప్పు చేసినట్టు ఒక మచ్చ, పడుతుంది. అలాంటివి మూడు పడితే ఛానెలే పోతుంది.

పాస్టర్ గారు వెనకాడారు. "ఒక్క పాటే కదమ్మా, డిలీట్ చేసేద్దాం. రిస్క్ ఎందుకు?"

ఆంటీ యూనిఫాంలోనే వచ్చారు. "తీసేస్తే నేనే దొంగిలించినట్టు కదా అయ్యగారూ?"

"అప్పీలు ఫారంలో మీ పేరు, అడ్రస్ ఇవ్వాలి ఆంటీ. వాళ్లు కోర్టుకి కూడా వెళ్లొచ్చు," అన్నాను.

"వెళ్లనీ. నా పాటకి నా పేరు పెట్టుకోడానికి భయమేంటి? టైప్ చెయ్యమ్మా."

కంపెనీ పాట విడుదలకు ఎనిమిది నెలల ముందే మేం రికార్డు చేసిన ఒరిజినల్ ఫైళ్లు నా దగ్గరున్నాయి. వాటి వివరాలన్నీ రాసి అప్పీలు పంపాను. ఆ ఆదివారం ఆంటీ మళ్లీ అదే పాట ఎత్తుకున్నారు, లైవ్‌లో. పాస్టర్ గారు నా వైపు చూశారు. నేను ఆవిడ మైకు వాల్యూమ్ ఇంకాస్త పెంచాను. పల్లవి రెండోసారి వచ్చేసరికి ఆయనే గొంతు కలిపారు.

నెల తిరక్కుండానే కంపెనీ క్లెయిమ్ వదులుకుంది, మా వీడియోకి శబ్దం తిరిగొచ్చింది. సంజాయిషీ లేదు, క్షమాపణ లేదు. వాళ్ల వీడియో మాత్రం అలాగే ఉంది, మా దానికన్నా ఎక్కువమంది చూస్తూ. దాని కింద ఆంటీ సొంత పేరుతో కామెంట్ పెట్టారు: "ఈ పాట నాది. మూడో చరణం తప్పు పాడారు."

క్లెయిమ్ అంటే తీర్పు కాదని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పటికీ ఈ పనిలోనే ఉన్నాను. అలాంటి నోటీసు వస్తే, ఏదీ తీసేయకముందు, రాసిందెవరో కనుక్కుంటాను. రాసినవాళ్లు మావాళ్లే అయితే అప్పీలు చేస్తాను.