సురేకారం పడవల మాణిక్యమ్మగారు

ఇవాళ పొద్దున మా వీధి చివర ఎవరో పాత గోనెలు పోగేసి తగలబెట్టారు. ఆ వాసన కిటికీలోంచి రాగానే చేతిలోని బియ్యం చేట కింద పడేసి గుమ్మంలోకి పరుగెత్తాను. "ఏంటత్తయ్యా, చెత్తే కదా!" అంది కోడలు నవ్వుతూ. చెత్తే. అయినా కాలుతున్న గోనె వాసన తగిలితే కూర్చున్నచోట కూర్చోవడం నాకు చేతకాదు. ఆ భయం నాకు ఒకావిడ నేర్పింది. మనుషులకి భయపడటం మాన్పించింది కూడా ఆవిడే.

ఆవిడ పేరు మాణిక్యమ్మగారు. కాకినాడలో కాలువ సముద్రంలో కలిసేచోట ఆవిడకి సరుకు పడవలుండేవి. భర్త పోయాక, పడవలు అమ్మేసి ఓ మూల కూర్చోమని బావగార్లు హితవు చెప్పారట. ఆవిడ కూర్చునే రకం కాదు. ఆ రోజుల్లో ధవళేశ్వరం నుంచి కాలువ మీదుగా దిగిన సరుకు కాకినాడలో మళ్ళీ పడవలెక్కేది. తీరంలో లోతు లేక పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకునేవి. గట్టు నుంచి ఓడ దాకా మోసుకెళ్ళే పని ఇలాంటి పడవలది. నువ్వులు, ఆముదం, పొగాకు అన్నీ అలాగే దేశాలు దాటేవి. మాణిక్యమ్మగారి పడవల్లో ఎక్కువగా వెళ్ళేది సురేకారం. చూడటానికి ఉప్పులా ఉంటుంది, నాలిక మీద వేసుకుంటే చల్లగా ఉంటుంది. దొరలు దాన్ని తుపాకిమందులో కలుపుతారు. ఒంటరిగా ఉన్నప్పుడు బుద్ధిగానే ఉంటుంది గానీ, నూనో గోనో తోడైతే ఇక దాన్ని పట్టలేం. మా ఆయన ఆ పడవల్లో ఒకదానికి తండేలు, అంటే పడవ నడిపే పెద్ద. నా పేరు నిరీక్షణ. పాదిరిగారి బడిలో నాలుగక్షరాలు నేర్చుకున్నదాన్నని నన్ను గోదాములో సంచులు కుట్టే ఆడవాళ్ళ మీద పెట్టింది ఆవిడ.

గోదాములో ఒక అలవాటుండేది. సురేకారం దులిపేసిన పాత సంచుల్ని పీలికలుగా చింపి ఆడవాళ్ళు ఇళ్ళకి పట్టుకెళ్ళేవాళ్ళు. వానాకాలంలో కట్టెలు తడిసినా ఆ పీలిక ఒక్కటి పెడితే పొయ్యి ఇట్టే అంటుకునేది. చేరిన కొత్తలో నేనూ ఒకటి బొడ్లో దోపుకున్నాను. మాణిక్యమ్మగారు చూసి, నా రెక్క పట్టుకుని ఇసుకలోకి లాక్కుపోయింది. మామూలు గోనెముక్క ఒకటి, నా పీలిక ఒకటి పక్కపక్కన పెట్టి రెండింటికీ నిప్పంటించింది. మొదటిది పొగలు కక్కుకుంటూ నెమ్మదిగా రాజుకుంది. నా పీలిక బుస్సుమని ఈ చివర నుంచి ఆ చివరికి పాకింది. ఆవిడ దోసిళ్ళతో ఇసుక పోసి కప్పేసినా లోపల కాలుతూనే ఉంది.

"ఇసక పోసినా ఆరలేదు, చూశావుటే నిరీక్షణా? మీ ఆయన ఇలాంటి సంచుల మీద కూచుని సముద్రంలోకి వెళ్తున్నాడు. అక్కడ దిగి పారిపోడానికి నేల కూడా ఉండదు."

ఆ రోజు నుంచి నేను ఆవిడకన్నా గయ్యాళినయ్యాను. పాత సంచి కనబడితే సురేకారం కరిగిపోయేదాకా కాలువలో నానేయించాను. చిల్లు ఉన్న సంచికి పైన మరో సంచి తొడిగించాను. ఒలికిన సురేకారం చీపురుతో ఎత్తకుండా ఎవరినీ ఇంటికి వెళ్ళనివ్వలేదు. దబ్బనాలు పట్టుకున్న ఆడవాళ్ళంతా నన్ను చాటుగా తిట్టుకునేవాళ్ళు. తిట్టుకోనీ అనుకునేదాన్ని.

మగవాళ్ళతో ఆవిడ పడ్డ పాట్లు వేరు. మా పడవలో తెడ్డేసే కళాసీల్లో వీరన్న అని పెద్ద వయసువాడొకడుండేవాడు. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేవాడు. పడవలో చుట్ట కాల్చొద్దంటే, "నిప్పు నోట్లోనే ఉంది కదండి అమ్మగారూ, బయటికేటి రాదండి" అని వాదించాడు. "ఆ నోటితోనే కదా తుమ్ముతావు? దిగు" అంది ఆవిడ. అందరూ నవ్వారు, వీరన్న మాత్రం మూతి ముడుచుకుని గట్టు మీదికి దిగాడు.

హారతి దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదు. పడవ కదిలే ముందు దాని మొన మీద, కొమ్ము దగ్గర కొబ్బరికాయ కొట్టి కర్పూరం వెలిగించడం వాళ్ళ తాతలనాటి ఆచారం. సురేకారం ఎత్తిన పడవ మీద వెలిగించడానికి వీల్లేదంది ఆవిడ. వీరన్న తాడు వదిలేసి చేతులు కట్టుకున్నాడు. "హారతి ఇయ్యకుండా తాడు ఇప్పనండి. పేణాలతో ఆటలేంటండి?"

"ఇవ్వొద్దన్నానా? గట్టు మీద ఇవ్వు. గట్టు కాడ గంగమ్మ వేరూ, పడవ కింద గంగమ్మ వేరూనా?"

వాళ్ళు గొణుక్కుంటూ గట్టు మీదే కర్పూరం వెలిగించారు. అంతలో ఆవిడ పడవకి ఎదురుగా వచ్చి నిలబడి, కట్లు సరిగా ఉన్నాయో లేదోనని చూడసాగింది. భర్త పోయిన మనిషి పడవకి ఎదురు రావడమేంటని ఎవరో వెనకనుంచి అన్నారు. ఆవిడ తల కూడా తిప్పలేదు. "నేనెదురొస్తే మునిగే పడవ, నేను రాకపోయినా మునుగుతుంది" అని ఇంకో కట్టు లాగి చూసింది. అంతమంది మగవాళ్ళ ముందు ఒక ఆడమనిషి ఆ మాట అనడం నేను అదే మొదటిసారి వినడం. నేనూ వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను.

ఆ తర్వాతి ఏడాది కార్తీకం ముందు, తుఫాన్ల భయంతో ఓడలన్నీ తొందరపడుతున్నాయి. ఊళ్ళో ఒక పెద్ద కొట్టువారు మాకు సురేకారం అప్పగించి, వెంటనే ఓడకి చేర్చమన్నారు. సరుకు ఎక్కువైనప్పుడు మాణిక్యమ్మగారు తనే వెంట వెళ్ళేది. చిరిగిన సంచులు కుట్టడానికి నన్నూ ఎక్కించుకుంది. ఓడ దగ్గరికి చేరాక ఆవిడ నిచ్చెన పట్టుకుని పైకెక్కింది, వెనకే నేను. సరుకు పేర్చే అరలో అప్పటికే ఆముదం పీపాలున్నాయి. కొన్ని కారుతున్నాయి. చెక్కల మీద చెయ్యి పెడితే జారిపోయింది. ఆ పీపాల మీదే మా సంచులు పేర్చమన్నాడు కొట్టువారి తరఫున దొరలతో మాట్లాడే దుబాసీ.

"వేరే అర ఇప్పించండి, లేకపోతే పీపాలు తీయించి చెక్కలు కడిగించండి" అంది ఆవిడ.

"టైము లేదండి. అయినా మీ పని ఓడ దాకా తేవడం. లోపల ఎక్కడ పెడితే మీకేంటండి?"

"లోపలున్నవాళ్ళు మనుషులు కారేంటండి?"

"దించకపోతే మీ పడవలకి మళ్ళీ సరుకు రాదు. బాగా ఆలోచించుకోండి."

"ఆలోచించాకే చెప్తున్నానండి. దించను."

దిగొచ్చి మా ఆయన్ని పడవలు వెనక్కి తిప్పమంది. నిండు పడవలు, పెరుగుతున్న అలలు. అందరికన్నా ముందు తెడ్డు అందుకున్నది వీరన్న. గట్టుకి చేరేసరికి అందరం తడిసి ముద్దయ్యాం, సంచులు మాత్రం తడవలేదు. మర్నాడే కొట్టువారు సరుకు వేరే పడవల్లో పంపించేశారు. అది ఆ పీపాల మీదే పేర్చారు. ఓడ వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి అది క్షేమంగా చేరిందన్న కబురొచ్చింది. ఊరంతా పండగ చేసుకున్నట్టు చెప్పుకున్నారు. "చూశారా, ఏమీ కాలేదు!" అని గోదాము ముందు నిలబడి మరీ అన్నారు. మాకు సరుకు రావడం ఆగిపోయింది. కళాసీలు కొందరు వెళ్ళిపోయారు. వీరన్న వెళ్ళలేదు, "ఈయమ్మతో దెబ్బలాడకపోతే నాకు తోచదండి" అన్నాడు. కొన్నాళ్ళకి దుబాసీ గోదాముకి వచ్చాడు. పొరపాటైందని ఒక్కమాట అంటే మళ్ళీ సరుకు ఇప్పిస్తానన్నాడు. పని లేక గట్టు మీద ఎండకి పగుళ్ళు తీసిన పడవలు ఆవిడ కళ్ళెదుటే ఉన్నాయి. నేనైతే అనేసేదాన్నేమో.

"ఓడ చేరినందుకు నాకూ సంతోషమేనండి, అందులో ఉన్నవాళ్ళ తల్లులు అదృష్టవంతులు. పొరపాటు మాత్రం కాలేదు. రేపు మళ్ళీ అలా పేర్చమన్నా మళ్ళీ తిప్పుకొస్తాను" అంది ఆవిడ.

దుబాసీ వెళ్ళిపోయాడు. ఆవిడ పడవలు ఒక్కొక్కటే అమ్మేసి, మిగిలినదానితో కాలువలో ఇటుకలూ ధాన్యమూ మోయించుకుంటూ బతికింది. ఎవరి ముందూ తల వంచలేదు. ఆ చివరి పడవకి తండేలు మా ఆయనే. ఆవిడ పోయినప్పుడు పాడె మోసినవాళ్ళలో వీరన్న కూడా ఉన్నాడు.

ఆవిడ పేరెత్తితే ఇప్పటికీ కొందరు పెదవి విరుస్తారు. ఏమీ జరగని దానికి అన్నీ పోగొట్టుకుందంటారు. అంటే నేను ఊరుకోను, వాళ్ళెంతవాళ్ళైనా సరే. సముద్రం మీద పనిచేసిన మా ఆయన ముసలివాడై, పళ్ళూడి, మా ఇంట్లో మంచం మీద, నా చేతి గంజి తాగి కన్నుమూశాడు. ఆవిడ పడవలెక్కినవాళ్ళలో ఒక్కడూ నిప్పుకి పోలేదు. ఏమీ జరగలేదట! జరగనివ్వలేదు ఆవిడ.