ఇల్లు మారిన బోల్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ సేవలు చేయించుకున్నది ఒక తుపాకి. నాటు తుపాకి అనుకునేరు, మా తాతయ్య బతికుంటే ఆ మాటకు మీ ఇంట మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. అది తెల్లదొరల కాలంలో ఇంగ్లండులో తయారైన వేట రైఫిలు. మా ఊరు పర్ణశాల దాటి అడవి వైపుకు ఉంటుంది. ఆ అడవుల్లో వేటాడిన దొర ఒకాయన దేశం వదిలి పోతూ, తన జత రైఫిళ్ళలో ఒకటి మా తాతయ్య తండ్రికీ, రెండోది ఆయన స్నేహితుడికీ ఇచ్చి పోయాడట. ఆ స్నేహితుడి కూతురే తర్వాత మా నాయనమ్మగా ఈ ఇంటికి వచ్చింది. రైఫిళ్ళు ముందు, వియ్యం తర్వాత.

ఆదివారం వస్తే తాతయ్య వసారాలో చాప పరిచి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. అక్రోటు కర్రకు అవిసె నూనె, ఇనుముకు కుట్టుమిషను నూనె. తన తలకు మాత్రం నాయనమ్మ బతిమాలితే గానీ చుక్క నూనె పడేది కాదు. గొట్టం మీద చెక్కిన ఇంగ్లీషు అక్షరాలను నా వేలు పట్టి దిద్దించేవాడు. అన్నిటికంటే ఆయనకు ముద్దు బోల్టు. తలుపు గడియ లాంటిదే అది. పిడి పైకెత్తి వెనక్కి లాగితే తెరుచుకుంటుంది, ముందుకు తోసి కిందికి వంచితే మూసుకుంటుంది, పూర్తిగా లాగితే ఊడి చేతికొస్తుంది. అది మూసుకునేటప్పుడు మెత్తగా ఒక చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు కోసం తాతయ్య కళ్ళు మూసుకుని మళ్ళీ మళ్ళీ తెరిచి మూసేవాడు.

అది పేలగా మాత్రం నేను వినలేదు. వేట ఎప్పుడో నిషేధించారు. ఆ సైజు తూటాలు దొరకడం కూడా మానేశాయి. మా డాబా మీద వడియాలు ఎత్తుకుపోయే కాకులకు కూడా ఈ సంగతి తెలుసు.

రెండో రైఫిలు వాగు అవతలి ఊళ్ళో మా నాయనమ్మ తమ్ముడి దగ్గర ఉండేది. రెండింటి మీదా కంపెనీ కొట్టిన అంకెలు వరుసవి. బావమరిది రైఫిలుది ఒక్క అంకె ముందు. చుట్టాల పెళ్ళిలో భోజనాల దగ్గర ఆయన, తన రైఫిలు అన్న, బావది తమ్ముడు అన్నాడు నలుగురిలో. మొదటిది చేసేటప్పుడు చెయ్యి కుదరదని, రెండోదే పనితనమని తాతయ్య అన్నాడు. మొదటి దెబ్బకు పందిని పడగొట్టలేని వాళ్ళు కూడా రెండో దెబ్బే పనితనమంటారు బావా అని ఆయన. వంకాయకూర వడ్డిస్తున్న మనిషి గరిటె గాల్లోనే పట్టుకుని నిలబడిపోయాడు. తాతయ్య విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాడు. ఏళ్ళ తరబడి పేలని రెండు తుపాకుల మీద రెండిళ్ళు విరోధమయ్యాయి.

మధ్యలో నలిగింది నాయనమ్మ. ఆమె తల్లి, మా ముసలవ్వ, ఆ ఇంట్లోనే మంచం పట్టి ఉంది. నాయనమ్మను వెళ్ళొద్దని తాతయ్య అనలేదు, తను మాత్రం ఆ గడప తొక్కనన్నాడు. అటు ముసలవ్వేమో, బిడ్డ ఒక్కతే వస్తే మొగుడు తోలేసిండని ఊరు అనుకుంటుంది, వస్తే ఇద్దరూ రావాలని కబురు పెట్టింది. వంశమంతా మొండిదే. నాయనమ్మ వారం వారం సంతకు పోయి తమ్ముడి భార్యను కలిసి తల్లి ఎలా ఉందో అడిగి వచ్చేది. ఒకసారి ముసలవ్వ అన్నం తగ్గించిందని విని, మిరపకాయల రాశి పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంది. ఘాటు అని నాతో చెప్పింది. నాకు ఏ ఘాటూ తగల్లేదు.

అంతలో ఎన్నికలు వచ్చాయి. అప్పుడప్పుడే ఊళ్ళలోకి సెల్‌ఫోన్లు వస్తున్న రోజులవి. ఎన్నికలంటే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు ఠాణాలో అప్పగించాలి, అయిపోయాక తెచ్చుకోవాలి. తాతయ్య దాన్ని ఆడపిల్లను అత్తారింటికి పంపినట్టు పంపేవాడు. బోల్టు ఊడదీసి వేరుగా ఇచ్చేవాడు. దాన్ని పాత చీర ముక్కలో చుట్టి దారం కట్టే పని నాయనమ్మది.

ఠాణాకు ఇవ్వకముందే, ఆ వారం సంతలో నాయనమ్మ బుట్టలోని చింతచిగురు కింద నుంచి చీర ముక్క చుట్టిన పొట్లం ఒకటి తీసింది. తమ్ముడి భార్య తన సంచిలోని కాకరకాయల కింద నుంచి అలాంటిదే ఇంకొకటి తీసింది. పొట్లాలు చేతులు మారాయి. ఇద్దరి ముఖాలూ చూస్తే గోంగూర బేరం కూడా అంతకంటే గట్టిగా చేస్తారనిపించింది. నాకు జిలేబీ కొనిపెట్టి, నువ్వేం చూడలేదు అని చెప్పింది నాయనమ్మ. జిలేబీ బాగుంది కాబట్టి నేనేం చూడలేదు.

ఎన్నికలు అయిపోయాయి. రైఫిలు ఇంటికొచ్చింది. తాతయ్య చాప పరిచి, పొట్లం విప్పి, బోల్టు ఎక్కించాడు. సగం దూరం పోయి మొరాయించింది. బలవంతాన మూస్తే కర్ర గానుగలా కిర్రుమంది. ఆయన బోల్టు కింద అంకెలు చూసి, గొట్టం మీద అంకెలు చూసి, ఇల్లంతా వినబడేలా ఠాణా వాళ్ళను తిట్టడం మొదలుపెట్టాడు. నాయనమ్మ చింతపండు గింజలు తీస్తూ తల ఎత్తలేదు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఠాణాకు పోయి అక్కడా గొడవ చేశాడు. ఎస్సై ఓపిగ్గా అంతా విని, పొద్దున్నే వాగు అవతలి పెద్దాయన కూడా వచ్చి ఇదే గొడవ చేసి పోయాడని, ఎవరి బోల్టు ఎవరి దగ్గరుందో తేలినట్టే కాబట్టి ఇద్దరూ ఒక దగ్గర కూర్చుని మార్చుకోమని చెప్పాడు.

అసలు కష్టం అక్కడే వచ్చింది. ఎవరు ముందు పోవాలి? వాళ్ళు వస్తారని వీళ్ళు, వీళ్ళు వస్తారని వాళ్ళు. రోజులు గడుస్తున్నాయి. తాతయ్య మాత్రం ఆ పరాయి బోల్టును ఊరికే ఉంచలేకపోయాడు. దాని మూలల్లో మడ్డి పట్టి ఉందని, వాడికి శుభ్రం తెలియదని తిడుతూనే, పుల్లకు గుడ్డ చుట్టి గాడి గాడి తుడిచాడు. తిట్టు ఎక్కువైన కొద్దీ మెరుపు ఎక్కువయ్యింది.

ఒక ఉదయం స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, రైఫిలును గుడ్డ సంచిలో పెట్టి, వాకిట్లో ఆటో పిలిపించాడు. ఎక్కడికని నాయనమ్మ అడిగింది.

"నేనేం పోతలేను వాళ్ళింటికి. బోల్టు పోతుంది. దానికి తోడు పోతున్న. నువ్వు గూడ రా. వాళ్ళు మంచినీళ్ళిస్తే తాగనీకి ఎవరన్న ఉండాలె గదా" అన్నాడు.

నాయనమ్మ లోపలికి వెళ్ళి వచ్చింది. పట్టుచీర కట్టుకుని, తల దువ్వుకుని, తల్లికి ఇష్టమైన సున్నుండల డబ్బా పట్టుకుని. అంత జల్దీగా ఆమె తయారవడం నేను మళ్ళీ చూడలేదు.

అవతలి ఇంట్లో బావమరిది అరుగు మీద రైఫిలు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు, ఎవరి కోసమూ ఎదురుచూడనట్టు. లోపల మాత్రం రెండిళ్ళకు సరిపడా అన్నం ఉడుకుతోంది. ఎవరూ ఎవరినీ పలకరించలేదు. తువ్వాల పరిచి రెండు బోల్టులూ దాని మీద పెట్టారు. ఎవరిది వాళ్ళు తీసుకున్నారు. ఆయన తన బోల్టును వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు.

"మా నాయన పోయినంక ఇది గింత తెల్లగ ఎన్నడూ లేదు బావా" అన్నాడు.

తాతయ్య తన దాన్ని చూసుకున్నాడు. దానికీ నూనె పట్టించి ఉంది, కాస్త ఎక్కువే. నూనె పోయడం కాదురా, తుడవడం నేర్చుకోవాలె అని విసుక్కుంటూ అరుగు మీద బావమరిది పక్కనే కూర్చున్నాడు. ఇక మధ్యాహ్నం దాకా ఇద్దరి తలలూ ఆ గొట్టాల మీద నుంచి లేవలేదు. అన్న ఎవరో తమ్ముడెవరో మళ్ళీ వాదించుకున్నారు గానీ, ఈసారి ఎవరూ విస్తరి ముందు నుంచి లేవలేదు.

లోపల ముసలవ్వ నాయనమ్మ చెయ్యి వదల్లేదు. అల్లుడు వచ్చిండా అని ఒకసారి అడిగి, వచ్చిండని చెబితే, అయితే బువ్వ పెట్టుర్రి అంది. నాయనమ్మ పెట్టిన సున్నుండ సగం తింది. అప్పుడు నాయనమ్మ దాచుకోకుండా ఏడ్చింది. దగ్గర్లో మిరపకాయలు కూడా లేవు. ముసలవ్వ ఆ వానాకాలంలో పోయింది. ఆలోపు నాయనమ్మ ఎన్నిసార్లు ఆ వాగు దాటిందో నాకే లెక్క తెలియదు.

ఆ సాయంత్రం తిరిగి వస్తుంటే ఆటోలో తాతయ్య రోడ్డు వైపే చూస్తూ చిన్నగా అన్నాడు.

"నా బోల్టు నా చేతికి తెల్వదా? ఠాణాల ఇచ్చిన నాడు పొట్లం ఇప్పంగనే తెలిసింది, ఇది మనది గాదని."

నాయనమ్మ ముఖం పాలిపోయింది. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగింది.

"చెప్తే నువ్వు మళ్ళ సంతకు పోయి మార్చుకొస్తవ్. ఇగ నేనెట్ల పోవాలె వాళ్ళింటికి?"

 నాయనమ్మ నా చేతిలో మిగిలిన సున్నుండ తీసి ఆయనకు పెట్టింది. ఆయన తింటూ ఠాణాలో తను ఎంత గొప్పగా కేకలు వేశాడో చెప్పుకుని నవ్వుకున్నాడు.

అలిగిన మనిషికి నీతులు చెప్పకూడదని, వెనక్కి రావడానికి ఒక సాకు చేతిలో పెట్టాలని ఆ రోజు నాకు తెలిసింది. ఇప్పుడు నాకు ఎవరితో మాట పట్టింపు వచ్చినా, వాళ్ళింటి నుంచి లేచి వచ్చేటప్పుడు ఏదో ఒకటి మరిచిపోయి వస్తాను. గొడుగో, టిఫిన్ డబ్బానో, కళ్ళజోడో. మా ఇంట్లో వాళ్ళు నాకు మతిమరుపు ముదిరిందని దవాఖానాకు తీసుకుపోతామంటారు. నేను వాకిలి తలుపు తీసే ఉంచి, బియ్యం రెండు గిద్దలు ఎక్కువే పోస్తాను.