తీతువు అరిచిన చోటు

నంద్యాలలో నేను బడిపంతులుని. సాయంత్రాలు నాటకాలు రాసేవాణ్ణి. పందొమ్మిది వందల యాభై ఐదులో మా మేనమామను బస్సు దిగుతుండగా పట్టపగలు, నా కళ్ల ముందే నరికేశారు. చొక్కా మీది నెత్తురు ఉతికితే పోయింది గానీ, ఆ తర్వాత నా కలం కదల్లేదు. ఏ వాక్యం మొదలుపెట్టినా ఆ బస్సు మెట్ల దగ్గరికే పోయి ఆగేది. రెండేళ్లు అలాగే గడిచాయి. ఎవరైనా జాలిగా చూస్తే వాళ్లను కొట్టాలనిపించేది.

మా అక్కను ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో ఇచ్చారు. జొన్నచేను కంకి పట్టిన కాలంలో ఆమె నన్ను పిలిపించి, చేతికి రాళ్లు విసిరే వడిసెల ఇచ్చి, పిట్టల్ని తోలమని మంచె ఎక్కించింది. మొదటిరోజే నేను విసిరిన రాయి తగిలి ఒక గోరింక తల పగిలింది. చేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగా ఉంది. మళ్లీ వడిసెల ముట్టలేదు. కేకలేసి పిట్టల్ని తోలుతూ, మిగతా సమయంలో బడి నోటుబుక్కులో చూసింది చూసినట్టు రాసుకున్నాను. ఏ పిట్ట, ఏ గట్టు, ఎంత పొద్దెక్కాక వచ్చింది, ఎటు పోయింది. డేగ తన్నుకుపోతున్న పూరేడు పిట్ట ఇంకా కాళ్లు కొట్టుకోవడం కూడా రాశాను. నెల తిరిగేసరికి వాక్యాలు వాటంతటవే రావడం మొదలుపెట్టాయి. మంచె మీద ఒక్కణ్ణే కూచుని నవ్వుకున్నాను.

"పిట్టల్ని తోలమంటే వాటి జాతకాలు రాస్తాండావేందిరా" అని అక్క సంగటి పెడుతూ విసుక్కునేది.

ఆ ఊళ్లో రెండు పక్షాలు. ఒకరినొకరు నరుక్కునేవాళ్లు. వాళ్ల పొలాల మధ్యనే అక్క చేను. నాకేం సంబంధమనుకున్నాను. ఒకరోజు పొద్దున ఒక పక్షంవాళ్లు ఆరేడుగురు వేటకొడవళ్లతో వచ్చి నన్ను కాళ్లు పట్టి మంచె మీంచి లాగారు. పుస్తకం వాళ్ల పెద్దాయన చేతికి పోయింది.

"పడమటి గట్టు, బారెడు పొద్దెక్కినాక, రెండు, జతగా" అని చదివాడు. "నేనూ నా తమ్ముడూ ఆ గట్టునే పోతాం. ఎవురికి రాసిస్తాండావ్, ఐవారూ?"

"పిట్టలన్నా. పిట్టల గురించి."

కట్టె మోకాటి మీద పడింది. రెండో దెబ్బ మూతి మీద. ఊడిన పన్ను నాలుకకు తగిలింది. నా కుడిచెయ్యి గట్టురాయి మీద పెట్టి ఒకడు కాలితో తొక్కిపట్టాడు. ఇంకొకడు కొడవలి ఎత్తాడు.

"చదువుతా, వినండన్నా. అంతా చదువుతా."

పెద్దాయన పుస్తకం తెరిచి నా మొహం ముందు పట్టుకున్నాడు. మొదట తడబడుతూ చదివాను. రెండో పుటకు తడబాటు పోయింది. డేగ సంగతి దగ్గర కొడవలివాడు గొంతుక్కూచున్నాడు. నిజం చెప్పాలి. రెండేళ్ల తర్వాత నా రాత వినేవాళ్లు దొరికారు. మూతి నుంచి నెత్తురు కారుతున్నా సంతోషంగా ఉంది. ఆ ఉత్సాహంలో ఆ రోజు పొద్దున రాసింది కూడా చదివేశాను.

"ఇది గుడ్లు పెట్టే కాలం కాదు. అయినా వాగువంకలో రెల్లుపొద దగ్గర తీతువు తెల్లవారినప్పటి నుంచి ఊరుకోవడం లేదు. లేస్తుంది, చుట్టు తిరుగుతుంది, అక్కడే అరుస్తుంది. ఎందుకో తెలియదు."

పెద్దాయన చెయ్యెత్తాడు. అందరం విన్నాం. తీతువు ఇంకా అరుస్తోంది.

"గుడ్లు లేకుండా అరుస్తాందంటే మనుషులు ఆడ దాక్కున్నట్టే. మనం పొయ్యే దావ గదా అది." పుస్తకం నా ఒళ్లో పడేశాడు. "కదలొద్దు, ఐవారూ."

రెండు గుంపులుగా వంగి జొన్నలోకి పోయారు. అప్పటికిగానీ నేను చేసింది నాకు అర్థం కాలేదు. కేకేస్తే వంకలో ఉన్నవాళ్లు పారిపోయేవాళ్లు. వీళ్లు వెనక్కొచ్చి నా చెయ్యి నరికేవాళ్లు. నేను కేకెయ్యలేదు. కాసేపటికి కొడవలి దెబ్బలు వినిపించాయి. ఒక గొంతు "నాయనా" అని రెండుసార్లు పిలిచి ఆగిపోయింది.

వంకలో దాక్కున్నవాళ్లలో ఇద్దరు చచ్చిపోయారు. అందులో ఒకడు అంతకుముందు వారం నాకు జొన్న కంకులు కాల్చి పెట్టినవాడు.

నంద్యాలకు తిరిగొచ్చిన వారంలోనే నాటకం మొదలుపెట్టాను. పందొమ్మిది వందల అరవై దాకా ఆగకుండా నాటకాలు రాశాను. బాగున్నాయన్నారు. నా కుడిచేతి వేళ్లు ఐదూ ఉన్నాయి. వాటికి బదులు ఇద్దరు పోయారని ఏ నాటకంలోనూ రాయలేదు, ఇక్కడే రాస్తున్నాను.