ఇస్త్రీ అక్క మడతలు

మా ఎక్స్‌రే గదిలో ఆయాగా పనిచేసే ఆవిడకి ఇస్త్రీ అక్క అని పేరు పెట్టింది నేనే. దుప్పటి గానీ తువ్వాలు గానీ ఆవిడ చేతిలో పడితే ఇక ఇస్త్రీ పెట్టెతో పనిలేదు. అంచుకి అంచు, మూలకి మూల. చాదస్తం అని నేను ఏడిపిస్తే, నన్ను కూడా మడతపెట్టి బీరువాలో పెడతానని బెదిరించేది. పద్నాలుగేళ్లుగా ఇద్దరం ఒకే గదిలో పనిచేస్తున్నాం. నేను మిషన్ నడుపుతాను, మిగతాదంతా ఆవిడే.

భర్త పోయాక ఒక్కగానొక్క కూతుర్ని ఈ ఉద్యోగంతోనే పెంచి పెళ్లి చేసింది. ఆ అమ్మాయి నన్ను మామయ్యా అని పిలుస్తుంది. పెళ్లయిన తొమ్మిదేళ్ల దాకా కడుపు పండలేదు. వాళ్లూ వీళ్లూ అనే మాటలు కూతురికంటే తల్లికే ఎక్కువ గుచ్చుకున్నాయి. ఈ ఏడాది ఆ అమ్మాయి నెల తప్పిందని తెలిసిన రోజు అక్క పనిలోకి వచ్చి, ఆ మాట చెప్పి, ఒక గంటసేపు ఏడ్చింది. ఇప్పుడు ఐదో నెల.

మా గదిలో సగం పని పిల్లలతోనే. పసివాడు మిషన్ చూడగానే ఆసుపత్రి ఎగిరిపోయేలా అరుస్తాడు. వాణ్ని కదలకుండా ఎవరో ఒకరు పట్టుకోవాలి, ఆ ఎవరో ఎప్పుడూ తల్లే. పట్టుకునేవాళ్లకి మేం లెడ్ ఏప్రాన్ కడతాం. లోపల సీసం పొర ఉన్న బరువైన కోటు అది. కిరణాలు ఒంటికి చేరకుండా అడ్డుకుంటుంది. దాన్ని కట్టేటప్పుడు అక్క ప్రతి తల్లికీ ఒకే మాట చెప్పేది. "నేను కట్టానుగా, ఇంక గోడ వెనకాల ఉన్నట్టే." ఆ మాటకి వాళ్ల మొహాలు తేటపడేవి.

పని అయ్యాక ఆ ఏప్రాన్‌ని మూడు మడతలు పెట్టి, పైన అరచేత్తో నొక్కి మరీ బీరువాలో పెట్టేది. నిజానికి దాన్ని మడవకూడదు, తగిలించాలి. మడిస్తే లోపల సీసం చీలిపోతుంది. చదువుకున్నప్పుడు నాకు చెప్పారు. తగిలించే కొయ్య మొదటి ఏడాదే విరిగితే ఒకసారి కొత్తది కావాలని అడిగి ఊరుకున్నాను. మర్చిపోయానని చెప్పొచ్చు గానీ అది అబద్ధం, పట్టించుకోలేదంతే. పైగా ఏడాదికోసారి ఆ ఏప్రాన్‌కే ఎక్స్‌రే తీసి, చీలికలున్నాయేమో చూడాలి. గోడ మీది కాగితంలో 'చూశాం' అన్న గడిలో ఏటేటా సంతకం గీకి మమ అనిపించాను.

మొన్న సోమవారం అక్క కూతురు తన ఆడపడుచు కొడుకుని తీసుకొచ్చింది. మూడేళ్లవాడు, తగ్గని దగ్గు. అత్తని వదిలి ఎవరి చేతికీ రానంటాడు. అక్క మురిసిపోతూ కూతురికి ఏప్రాన్ కట్టింది, పొట్ట దగ్గర రెండుసార్లు సర్దింది. పాపా బాబా అని నేను పరాచికాలాడాను. ఆ నోటితోనే ఊపిరి బిగపట్టమని చెప్పి మీట నొక్కాను.

గురువారం రేడియేషన్ భద్రత చూసే ఆఫీసరమ్మ వచ్చింది. గోడ మీద నా సంతకాలు చూసి మెచ్చుకుంటుందని నా వెర్రి ఆశ. ఆవిడ వాటివంక చూడనైనా చూడకుండా, ఏప్రాన్‌ని బల్ల మీద పరిచి ఎక్స్‌రే తీయమంది. ఆ మడతలు ఆఫీసరమ్మ చూడాలని అక్క వాటిని ఒక్కొక్కటే విప్పింది. తీశాను. బొమ్మ తెర మీదికి వచ్చింది.

తెల్లగా ఉండాల్సిన ఏప్రాన్‌లో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నల్లటి గీతలు. నిలువుగా ఒకటి, అడ్డంగా రెండు. అడ్డగీతల్లో ఒకటి సరిగ్గా పొట్ట దగ్గర, వేలు పట్టేంత వెడల్పున ఉంది. సీసం అక్కడ లేనే లేదు.

అక్కకి ఎక్స్‌రేలు చదవడం రాదు. కానీ ఆ గీతల్ని నాకంటే ముందు ఆవిడే గుర్తుపట్టింది.

"ఇవి నా మడతలే కదా తమ్ముడూ," అంది. పొట్ట దగ్గరి గీత మీద వేలు పెట్టి, "సోమవారం అమ్మాయికి కట్టింది దీన్నే," అని ఉన్నచోటే కూలబడింది.

ఆఫీసరమ్మే ఆవిడని లేపి స్టూలు మీద కూర్చోబెట్టింది. ఎన్ని తీశారు, ఎంత పవర్ పెట్టారు, అమ్మాయి ఎటువైపు నిలబడింది అని నన్ను అడిగి కాగితం మీద లెక్క కట్టింది. పిల్లవాడి ఛాతీకి తీసిన ఒక్క ఎక్స్‌రే నుంచి పక్కకి చెదిరినది చాలా స్వల్పమని, కడుపులో బిడ్డకి చేరింది నేల నుంచీ గాలి నుంచీ కొన్నిరోజుల్లో మనందరికీ మామూలుగా తగిలేదానికంటే తక్కువని, బిడ్డకి ఏ భయమూ లేదని విడమరిచి చెప్పింది. అక్క ఆ మాటని మూడుసార్లు చెప్పించుకుంది.

తర్వాత ఆఫీసరమ్మ నావైపు తిరిగింది. కడుపుతో ఉన్న మనిషిని అసలు లోపలికి ఎందుకు రానిచ్చావని అడిగింది. తండ్రినో తాతనో పిలిచి పట్టుకోమనాలిగా, ఏప్రాన్ ఉంటే మాత్రం, పట్టుకునేవాళ్లని కడుపుతో ఉన్నారా అని అడగక్కర్లేదా అంది. ఆవిడ వేరే గది చూడ్డానికి వెళ్లింది.

అక్క అక్కడే కూర్చుని కూతురికి ఫోన్ చేసింది. ముందు బిడ్డకేం భయం లేదన్న మాట చెప్పింది, తర్వాత జరిగిందంతా చెప్పింది. అవతల ఆ అమ్మాయి నవ్వడం నాకూ వినిపించింది. తల్లి చేత్తో కట్టాక తనకి భయమెందుకు అంటోంది.

"నేను కట్టాననే చెబుతున్నానే. మడతపెట్టి మడతపెట్టి దాన్ని నేనే చీల్చేశాను. తప్పు నాదే."

ఇంక వినలేకపోయాను. అక్క చేతిలోంచి ఫోన్ తీసుకుని, మడవకూడదని మీ అమ్మకి ఎవరూ చెప్పలేదు, తెలిసిన వెధవని నేను, ఏటేటా చూశానని సంతకం పెట్టి ఒక్క ఏడాదీ చూడలేదు అని గడగడా చెప్పేశాను. అక్క నావంక చూసిన చూపు ఇంకా నా కళ్లముందే ఉంది.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నాకేం కాదంటున్నారుగా, సరే. నాకంటే ముందు కడుపుతో ఉండి దాన్ని కట్టుకున్నవాళ్లు ఎంతమంది మామయ్యా?"

ఎదురుగా బీరువాలో పద్నాలుగేళ్ల రిజిస్టర్లున్నాయి. ప్రతి బిడ్డ పేరు, వయసు, తేదీ, ఎక్కడ తీశాం, ఎన్ని తీశాం, అన్నీ నా చేతిరాతే. ఆ బిడ్డని ఎవరు పట్టుకున్నారో రాయడానికి వాటిలో గడే లేదు.

"తెలియదమ్మా," అన్నాను. "మేం ఎవరినీ అడగలేదు."