ప్రార్థన చేసిన ఇంకుడు గుంత

మన మురికిని తన చేతులతో కడిగే ప్రభువుకు స్తోత్రం. శిష్యుల పాదాలు కడిగిన ఆ పళ్లెంలోని నీళ్లు చివరికి ఎక్కడ పారబోశారో సువార్తలో లేదు గాని, నేను మాత్రం దాని గురించి చాలాసార్లు ఆలోచించాను.

ఎందుకంటే ఆ రోజుల్లో బాన్సువాడలో మా వీధికి మురుగు పోయే మోరీ లేదు. ఒకరింటి అంట్ల నీళ్లు ఇంకొకరి గడప ముందు నిలిచేవి. పిట్లం నుంచి నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడు, మా నీళ్లు పక్కింటి అవ్వ వాకిట్లో నిలిచాయి. కొత్తలో నా తలకు నూనె రాసి, అమ్మలా చూసుకున్నది ఆవిడే. ఆ బురదలో ఓసారి జారిపడ్డాక నాతో మాట మానేసింది. గుడిలో (చర్చిని మేం అలాగే అంటాం) నా పక్కన చాప మీద కూర్చోవడమూ మానేసింది. నాకు అన్నం సయించలేదు.

అందుకే గ్రామసేవికమ్మ ఇంకుడు గుంత సంగతి చెప్పగానే మా ఆయనతో నడుము లోతు తవ్వించాను. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద ఇటుక ముక్కలు, అన్నిటికీ పైన చిల్లుల కుండ, అందులో వరిగడ్డి. జిడ్డు, బూడిద, మెతుకులు గడ్డిలో ఆగిపోతే, తేరిన నీళ్లు రాళ్ల సందుల్లోంచి భూమిలో ఇంకుతాయి. వారం వారం గడ్డి మార్చమని కూడా ఆవిడ చెప్పింది. కానీ నేను ఆదివారం పాస్టరయ్యను పిలిచి గుంతకు ప్రతిష్ఠ ప్రార్థన చేయించాను (ఇస్సాకు తవ్వించిన బావుల మీద ఆయన గంటసేపు చెప్పారు). దేవునికి అప్పగించినదాంట్లో మళ్లీ చెయ్యి పెట్టకూడదని నా నమ్మకం. అవ్వ గడప ఆరింది గాని, మనసు ఆరలేదు.

నెల తిరిగేసరికి కుండ పొంగి, నీళ్లు మళ్లీ పాత దారినే బయల్దేరాయి. నేను ఉపవాసం పట్టాను. మూడో రోజు పొద్దున కుండ పక్కన మోకరించి, ఎర్రసముద్రాన్ని ఆపిన దేవా ఈ అంట్ల నీళ్లు ఆపమని గట్టిగా ప్రార్థిస్తుంటే, వెనక అవ్వ గొంతు వినిపించింది.

"గడ్డి ఎప్పుడు మార్చినవ్ బిడ్డా?"

ప్రతిష్ఠ అయినదాంట్లో చెయ్యి పెట్టొచ్చా అని నసిగాను.

"నీకు బాప్తిస్మం అయింది గద. ఇగ తానం చేస్తలేవా?"

అంటూనే కూర్చుని, మోచేతి దాకా చెయ్యి పెట్టి, నల్లగా కుళ్లిన గడ్డి బయటికి లాగింది. ఆ వాసనకు నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. అవ్వ ముక్కు మూసుకుందామని మరిచిపోయి అదే చెయ్యి మొహానికి పెట్టుకుంది. ఇద్దరం నవ్వు ఆపుకోలేకపోయాం. కింద రాళ్లలో నీళ్లు గుటగుట దిగుతున్నాయి. "ఇగ నడువు, బువ్వ తిను" అంది. ఆ ఆదివారం చాప మీద నా పక్కకు జరిగి కూర్చుంది.

ఇప్పుడు అవ్వ ప్రభువు దగ్గర ఉంది. నేనింకా ఒకసారి ప్రార్థించి అన్నీ ఆయన మీద వదిలేసే మనిషినే. కుండ పక్కన మోకరించిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కళ్లూ తడుస్తాయి. మీరూ నాతో కలిసి అడగండి: ప్రభువా, మా గుండెల్లో పేరుకున్న గడ్డిని వారం వారం తీసే ఓపిక ఇవ్వు, మా చేత కానినాడు, చెయ్యి పెట్టే ఒక అవ్వను పక్కింట్లో ఉంచు. ఆమేన్.