అరాద్ బాల్కనీలో వెసాక్ లాంతరు

మొన్న వైశాఖ పున్నమినాడు, ఇప్పుడు మేముంటున్న అమ్వాజ్‌లో, మా ఎదురు అపార్టుమెంటువాళ్లు బాల్కనీ పొడుగునా కాగితపు లాంతర్లు వేలాడదీశారు. అన్నింట్లోనూ చిన్న చిన్న ఎలక్ట్రిక్ బల్బులు. శ్రీలంకవాళ్లు, వెసాక్ పండుగ అని మావారు చెప్పబోతే, నాకు తెలుసండీ అని కాస్త విసురుగానే అన్నాను. ఆయన పాపం బిక్కమొహం వేశారు. ఆ పండుగ పేరు వింటే ఇప్పటికీ నా మనసు మనసులో ఉండదు.

పెళ్లయిన ఏడాదికి తెనాలి నుంచి నేరుగా ఈ అరబ్బు దేశానికొచ్చి అరాద్‌లో దిగినదాన్ని నేను. విమానాల చప్పుడు తప్ప పలకరించే దిక్కులేని ఆ మేడమీది వాటాలో, మావారు డ్యూటీకి వెళ్లాక గోడలతో మాట్లాడుకునే రోజుల్లో, కింద ఉండే మా ఇంటి యజమానుల దగ్గర పనిచేసే శ్రీలంక ఆవిడే నాకు దొరికిన మొదటి మనిషి. నన్ను నంగీ అనేది, వాళ్ల భాషలో చెల్లెలని. నేను అక్కా అనేదాన్ని. ఇద్దరిదీ వచ్చీరాని హిందీయే కనుక, తప్పులు పట్టేవాళ్లు లేక ధారాళంగా మాట్లాడుకునేవాళ్లం.

ఆ ఏడు వెసాక్‌కి ఆమె ఖర్జూరపు మట్టల ఈనెలు చీల్చి, రంగు కాగితాలు అంటించి, ఎనిమిది పలకల లాంతరు ఒకటి కట్టింది. ఊళ్లో తన కూతురు ఆ సాయంత్రమే వాకిట్లో లాంతరు వెలిగిస్తుందట. ఇక్కడ తనదీ వెలుగుతుంటే చూస్తే ఇద్దరూ ఒకచోట పండుగ చేసుకున్నట్టేనని ఆమె ఆశ. ఇంటావిడ చెడ్డది కాదు గానీ నిప్పంటే హడలు, ఒప్పుకోలేదు. అందుకని మా బాల్కనీలో కట్టమని అడిగింది. కింద వంటింటి కిటికీలోంచి తలెత్తితే తనకు కనబడుతుంది, అది చాలంది. “భయమేస్తే తీసెయ్ నంగీ, నేనేమీ అనుకోను” అని కూడా అంది. నాకెందుకు భయం అని గొప్పగా చెప్పి తీసుకున్నాను.

సందెవేళ కొవ్వొత్తి వెలిగించి కట్టాను. ఎంత బాగుందో! ఎరుపూ పసుపూ వెలుగు గోడమీద మెల్లగా తిరుగుతుంటే కాసేపు అలా నిలబడిపోయాను. ఇంతలో సముద్రం వైపునుంచి గాలి లేచింది. మంట అటూ ఇటూ ఊగుతుంటే నా గుండె జారింది. కాగితం అంటుకుంటుందని కాదు, దీపం కొండెక్కుతుందని. పండుగపూట, అందులోనూ ఒక తల్లి బిడ్డకోసం పెట్టుకున్న దీపం కొండెక్కితే ఎంత అశుభం! మా అమ్మ పెంపకం అలాంటిది. ఇంకేమీ ఆలోచించకుండా లాంతరు విప్పి లోపలికి తెచ్చి, దేవుడి గూట్లో నా దీపం పక్కన పెట్టి, దణ్ణం పెట్టుకుని, మంచిపని చేశానని మురిసిపోయాను. అది కింది కిటికీలోంచి ఆమె చూసుకోవాల్సిన దీపమన్న సంగతే నా బుర్రకు తట్టలేదు.

మర్నాడు మెట్లమీద ఎదురైంది. మొహం పీక్కుపోయి ఉంది. “ఫర్వాలేదు నంగీ, భయమేస్తే తీసెయ్యమని నేనే అన్నాగా” అంది నెమ్మదిగా. అప్పుడర్థమైంది నేను చేసిన నిర్వాకం. భయపడలేదక్కా, ఆరిపోకూడదని దేవుడి దగ్గర పెట్టాను, కడదాకా వెలిగింది అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. అంతలో తలుపు తెరుచుకుని ఇంటావిడ బయటికొచ్చింది. లాంతరు మాట చెవిన పడితే అక్కకు చివాట్లు తప్పవు, మమ్మల్ని ఇల్లు ఖాళీ చేయమన్నా అనొచ్చు. నిజం చెప్పాలంటే నాకు ముందు గుర్తొచ్చింది మా ఇల్లే. ఒక వెర్రినవ్వు నవ్వి పైకొచ్చేశాను.

రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ వారంలోనే ఆమెను రిఫాలో ఉండే ఇంటావిడ చెల్లెలి ఇంటికి పనికి పంపేశారు. రిఫా ఎంత దూరమని, కారులో అరగంట. కానీ ఆ ఇల్లెక్కడో ఇంటావిడనే అడగాలి, ఎందుకని ఆవిడ అడిగితే చెప్పాలి. అడగలేదు. రెండేళ్లకు అక్క వాళ్ల దేశం వెళ్లిపోయిందని విన్నాను.

ఇప్పుడు ఎదురింటి అమ్మాయి ఫోన్‌లో వాళ్లమ్మకు లాంతర్లన్నీ తిప్పి తిప్పి చూపిస్తోంది. గాలి భయం లేదు, ఎవరి బాల్కనీనీ అడుక్కోనక్కర్లేదు. చూస్తే సంతోషంగానే ఉంది. అక్క నన్ను పిరికిదాన్ననుకుంటూ వెళ్లిపోయిందని ఇన్నేళ్లూ బాధపడ్డాను. మొన్న ఆ వెలుగుల్లో కూర్చున్నప్పుడు మాత్రం ఇంకోటి తోచింది. లాంతరు విషయంలో ఆమె పొరబడింది గానీ, నా విషయంలో పొరబడలేదు.