స్టాపు దాటి దిగిన వెలుగు

ఈ రోజు మా ల్యాబ్ అటెండర్ మస్తాన్ గారి మీద అనవసరంగా అరిచాను.

రేడియేషన్ తగిలిన ఒక రకం పొడిని వేడిచేస్తే వెలుగుతుంది. ఆ వెలుగును బట్టి ఎంత రేడియేషన్ తగిలిందో చెబుతాం. నా పొడి ఎప్పుడూ రెండు వందల డిగ్రీల దగ్గర బాగా వెలుగుతుంది. ఇవాళ రెండు వందల ఇరవైకి గానీ వెలగలేదు. రెండేళ్ళ పని మట్టికొట్టుకుపోయిందనుకుని, "పొడి పొట్లాలు మార్చేశారా?" అని ఆయన్ని నిలదీశాను.

ఆయన పొడిని వేడిచేసే మిషను వైపు చూశారు. "నాలుగున్నర గుడివాడ బస్సు అందాలని మీరే వేడి గబగబా పెంచేశారు కదండీ! బస్సు నెమ్మదిగా వెళ్తే దిగేవాడు తన స్టాపులోనే దిగుతాడు. డ్రైవరు తొక్కేస్తే, లేచి గుమ్మం దాకా వచ్చేసరికే స్టాపు దాటిపోద్ది. మనిషి మాత్రం అదే మనిషి కదా సార్."

నిజమే. సెకనుకు రెండు డిగ్రీలు పెంచాల్సింది పది పెట్టాను. అదే పొట్లంలోంచి ఇంకో చిటికెడు తీసి నెమ్మదిగా వేడిచేస్తే, బుద్ధిగా రెండు వందల దగ్గరే వెలిగింది. ప్రతి ఏడాదీ పిల్లలకి ఈ పాఠం చెప్పేది నేనే!

మస్తాన్ గారికి క్షమాపణ చెప్పేసరికి బస్సు వెళ్ళిపోయింది. మా ఇద్దరిదీ ఒకే స్టాపు. కలిసి ఎక్కిన తర్వాతి బస్సు డ్రైవరు తొక్కేశాడు. ఇద్దరం మా స్టాపు దాటాక దిగాం. మీకూ టీ తెచ్చిపెట్టే గురువులు ఎవరైనా ఉన్నారా? నా గురువుగారైతే వెనక్కి నడుస్తూ నా సంచీ అందుకుని, "ఇరవై డిగ్రీలు నడవాలి సార్" అన్నారు.